గొడ్ల చావిడికి సూతకం ఉందా?

గోదావరి జిల్లాలకు వెళ్ళొచ్చానని చెప్పగానే మా ఒంగోలు మిత్రులు వరసగా మూడు ప్రశ్నలు వేస్తున్నారు. పులస తిన్నావా? పూతరేకులు తెచ్చావా? పాపికొండలు చూశావా? మూడింటికీ లేదనే చెప్పాను. "మరి అంతదూరం పోయి ఏం చూశావయ్యా?" అంటే, "ఒక గోడను చూశాను" అన్నాను. నవ్వారు. నవ్వినవాళ్ళ కోసమూ, అటువైపు ఇంకా వెళ్ళనివాళ్ళ కోసమూ ఆ గోడ సంగతి రాస్తున్నాను.

నేను వాదసభల్లో పెరిగినవాణ్ణి. మా ఊరి గ్రంథాలయం వెనక గదిలో ప్రతి ఆదివారం శకునాలు నిజమా, ముహూర్తాలు అవసరమా అని గొంతులు బొంగురుపోయేలా కొట్లాడుకునేవాళ్ళం. అందుకే మా చెల్లెలు సుశీల పెనుగొండ దగ్గరి తన అత్తవారి ఊరి నుంచి ఫోన్ చేసింది. ఎస్టీడీ బూత్‌లో బిల్లు పరిగెడుతోందని ఊపిరి తీసుకోకుండా చెప్పింది.

"అన్నయ్యా, పెద్దావు పోయింది. ఇప్పుడు గౌరి కూడా గడ్డి ముట్టడం లేదు, ఒళ్ళు కాలిపోతోంది. డాక్టరుగారు పిడుదుల జబ్బంటున్నారు. మా ఇంట్లో దిష్టంటున్నారు. ఎప్పుడూ సభల్లో అరుస్తావుగా, ఒకసారి మా ఇంటికొచ్చి అరిచిపో."

పిడుదులంటే పశువుల ఒంటిమీద మినపగింజల్లా అతుక్కుని నెత్తురు తాగే పురుగులు. కొన్నిచోట్ల గోమార్లంటారు. మా ఒంగోలు జాతికి తోలు గట్టిది, ఒళ్ళు మొండిది. పిడుదు పట్టినా అంత తేలిగ్గా లొంగదు. సుశీలవి జెర్సీ సంకరం ఆవులు. బిందెడు పాలిస్తాయి గాని పిడుదు మోసుకొచ్చే జ్వరానికి కూలిపోతాయి. ఉన్న ఆవులు మూడు. ఒకటి పోయింది, ఒకటి మంచాన పడ్డట్టుంది, మూడోది చూడిది. పొలం కౌలుకిచ్చేసిన ఆ ఇల్లు పాల మీదే నడుస్తోంది.

ఆ రాత్రే రైలెక్కాను.

రాజమండ్రి

ఆషాఢం చివర. గోదావరి ఎర్రగా, నిండుగా, ఎవరితోనో పేచీ పెట్టుకుని వెళ్తున్నట్టు పారుతోంది. స్టేషన్ బయట పాక హోటల్లో ఇడ్లీ తిన్నాను. మా వైపు ఇడ్లీకి కారప్పొడి ముందు వస్తుంది. ఇక్కడ బెల్లం వేసిన అల్లం పచ్చడి వచ్చింది. తియ్యగా మొదలై చెవుల్లోంచి పొగలు రప్పించింది. ఆ జిల్లా మాటతీరు కూడా సరిగ్గా ఇంతేనని తరవాత తెలిసింది.

"ఎక్కడినుంచండీ రావడం?" అన్నాడు హోటలాయన.

"ఒంగోలు. మా చెల్లెలి ఆవుకు జబ్బు చేస్తే చూడ్డానికి వచ్చాను."

"ఆవుని చూడ్డానికి ఒంగోలు నుంచి ఇక్కడికొచ్చారా అండీ?" ఆయన గల్లాపెట్టె వదిలి లేచి నన్ను పరీక్షగా చూశాడు. "మేం సముద్రం చూడ్డానికి హైదరాబాద్ వెళ్ళినట్టుందండి."

వెటకారానికి కూడా 'అండి' తగిలిస్తే తిరిగి తిట్టడానికి వీలుండదు. మా వైపు ఇద్దరు కొట్టుకునేముందు 'రా' అనుకుంటారు. వీళ్ళు కొట్టుకుంటూ కూడా 'రండి' అనుకుంటారేమో!

కడియం

రావులపాలెం బస్సు కడియం దగ్గర టైరు పంక్చరై నిలబడిపోయింది. దిగి చూస్తే రోడ్డుకు రెండువైపులా కనుచూపు మేర మొక్కలే. లారీలు పల్లకీల్లా మొక్కలతో నిండి దేశం మీదకు బయలుదేరుతున్నాయి. ఒక నర్సరీ పెద్దమనిషి నన్ను గుమ్మంలోంచే పట్టుకున్నాడు.

"పనస అండి. అంటు. మూడేళ్ళకే కాయ."

"మా నేలలో బతుకుతుందా?"

"మీ నేల సంగతి నాకు తెలియదండి. నా మొక్క సంగతి తెలుసు. మీరే దాని దగ్గర బతకాలి."

ముప్పై రూపాయలన్నాడు. బేరం చేస్తే ఇరవై ఎనిమిదికి దిగి, "ఆ రెండూ మీ బస్సుకి గాలికొట్టించుకోండి" అన్నాడు. మోకాలెత్తు మొక్క, నిగనిగలాడే ఆకులు. ఒంగోల్లో నా పెరట్లో పనసచెట్టు నీడన కూర్చుని వ్యాసాలు రాస్తున్నట్టు ఊహించుకుని, దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. పక్కసీటు ఆవిడ ఆకుల్ని ముట్టుకుని "మంచి జాతండి, పశువుల కంట పడనీకండి" అంది. నేను పట్టించుకోలేదు. హెచ్చరికల్ని నిరూపణ లేకుండా నమ్మకూడదన్నది నా నియమం.

రెండు వంతెనల అవతల

రావులపాలెం ముందు ఒక గోదావరి పాయ, సిద్ధాంతం దగ్గర ఇంకో పాయ. రెండూ దాటితే పెనుగొండ వైపు. అంతటా నాట్ల సందడి. సుశీల ఊరికి రిక్షాలో చేరేసరికి మా బావ సూరిబాబు వీధిలోకి ఎదురొచ్చి నా చేతిలోని పెట్టె వదిలేసి మొక్కను అందుకున్నాడు.

"రండి బావగారూ. అరవడానికి వచ్చారంట కదా. ముందు కాళ్ళు కడుక్కోండి."

వీధి అరుగు మీద పడుకున్న కుక్కను దాటి పెరట్లోకి వెళ్ళాం. అక్కడ గొడ్ల చావిడి. పైన పెంకులు, మూడు వైపులా పాత ఇటుక గోడ. గౌరి తల వాల్చేసి నిలబడి ఉంది. భుజం ముందు కోడిగుడ్డంత గడ్డ. కంటి రెప్ప తిప్పి చూపించారు అక్కడే ఉన్న పశువుల డాక్టరుగారు. ఎర్రగా ఉండాల్సిన లోపలి భాగం కాగితంలా తెల్లగా ఉంది. డాక్టరుగారు కుర్రవాడు. స్కూటరు మీద ఊళ్ళన్నీ తిరుగుతూ ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి తినే అలవాటున్నవాడు. అప్పుడు కూడా చేతిలో జంతిక ఉంది.

"సూది వేశానండి. రేపు మళ్ళీ ఇంకోటి. ఇది లేస్తుందనే నా నమ్మకం. కాని సూది ఆవుకే పనిచేస్తుంది, గోడకి పనిచేయదు కదండీ." జంతికతో గోడను చూపించాడు. "అసలు రోగి ఇదిగో."

దగ్గరికి వెళ్ళి చూశాను. ఇటుకల సందుల్లో, పెచ్చులూడిన చోట, పిడుదులు. చిన్నవీ పెద్దవీ, వరసలు వరసలుగా. నెత్తురు తాగి రాలిపడి, ఆ పగుళ్ళలో దూరి గుడ్లు పెట్టి, పిల్లలై, మళ్ళీ ఆవు మీదకు ఎక్కుతున్నాయి. పగుళ్ళు పూడ్చి, గోడ మొదళ్ళు కాల్చి, మందు కొట్టి, పైన చిక్కగా సున్నం వేస్తే తప్ప ఆ చూడి ఆవు కూడా దక్కదని డాక్టరు తేల్చేశాడు.

"మరి వేయరేం?" అన్నాను.

సూరిబాబు ఇంట్లోకి చూశాడు. సుశీల కూడా ఇంట్లోకి చూసింది. అప్పుడు వచ్చింది వీరమ్మ పిన్ని. ఆవిడ సూరిబాబు తల్లికి చెల్లెలు. ఆ తల్లి గడిచిన మాఘంలో నిండుగా బతికి పోయింది. పెద్దదిక్కుగా ఇప్పుడు ఈవిడే.

"ఏటిసూతకం అబ్బాయ్" అంది పిన్ని. "ఏడాది తిరిగేదాకా ఈ ఇంట గోడకి సున్నం పడదు."

విషయం అర్థమైంది. ఏటా ఉగాది ముందు ఇంటికీ చావిడికీ కలిపి సున్నం వేయడం ఆ ఇంటి అలవాటు. ఈసారి చావు మూలంగా రెండూ ఆగిపోయాయి. ఇంట్లో గోడలు మాసి ఊరుకున్నాయి. చావిడి గోడ మాత్రం ఊరుకోలేదు.

నేను పైపంచె సర్దుకున్నాను. సభ మొదలైనట్టే.

"పిన్నిగారూ, ఊరంతా ఏమంటుందోనని ఆవును చంపుకుంటారా?"

"ఆవుని చంపేది పిడుదు. నన్నంటావేంటి?"

"ఆ పిడుదు సూతకం పాటిస్తోందా? ఈ ఇంట్లో చావు జరిగింది, ఏడాదిపాటు పిల్లల్ని కనగూడదని ఆగిందా?"

పిన్ని సుశీల వైపు తిరిగింది. "మీ అన్నయ్య మాట బానే ఉందే. చదువుకున్న గొంతు. మా ఊళ్ళో వేలంపాటకి పనికొస్తాడు."

డాక్టరు జంతిక కొరుకుతూ దగ్గాడు. నేను వదల్లేదు. దిష్టి అనేది సోమరివాడి జవాబనీ, ఎందుకు జరిగిందో వెతకడానికి బద్ధకించినవాడే ఎవడి కన్నో పడిందంటాడనీ ధాటిగా చెప్పాను. సభ అయితే చప్పట్లు పడేవి. పిన్ని మాత్రం మెల్లిగా గౌరి గంగడోలు నిమిరింది.

"ఇది పుట్టినప్పుడు మాయ తీసింది మా అక్కే నాయనా. నాకు అమ్మ తరవాత అమ్మ మా అక్క. దానికోసం ఇంకేం చేయగల్ను? ఏడాదిపాటు ఈ ఇల్లు ఇలా ఉంచగల్ను. అంతే. రేపు గోడలు మెరిస్తే, ముసిల్ది ఎప్పుడు పోతుందా, ఎప్పుడు ఇల్లు దులుపుకుందామా అని కూచున్నారంటారు."

ఆవిడ పట్టుకున్నది ఆచారాన్ని కాదు, అక్కని. పైపంచె మడిచి భుజాన వేసుకున్నాను, సభ ముగిసినట్టే. సుశీల ఆశ్చర్యపోయి నా నుదురు తాకి చూసింది.

పిన్నే మళ్ళీ అంది. "పెనుగొండలో శాస్త్రులుగారున్నారు. ఆయన వేసుకోవచ్చంటే నాకేం? నా మాట పోదు, ఊళ్ళో నోరూ లేవదు."

సూరిబాబు నా వైపు చూడకుండా పైకప్పు పెంకులు చూస్తూ అన్నాడు. "వెళ్దామా బావగారూ? మీకేమైనా ఇబ్బందా?"

పెనుగొండ

బతుకంతా పురోహితుణ్ణి అడగనక్కర్లేదని ఉపన్యాసాలిచ్చినవాణ్ణి, పురోహితుడి గుమ్మం ముందు చెప్పులు విప్పాను. దారిపొడుగునా నాలో నేనే తగువు పడ్డాను. చివరికి ఒక మాటతో స్థిమితపడ్డాను. ఈ గోదావరి గట్టునే మా ముందు తరాల సంస్కర్తలు పాత గ్రంథాల్లోంచే శ్లోకాలు ఏరి పండితుల నోళ్ళు మూయించారు. తాళం ఏ చెవితో తెరుచుకుంటే ఆ చెవి వాడాలి. లోపల ఆవు చచ్చిపోతున్నప్పుడు తలుపు సిద్ధాంతం గురించి మాట్లాడకూడదు.

శాస్త్రులుగారు అరుగు మీద విసనకర్రతో కూర్చున్నారు. నేను దారిలో సిద్ధం చేసుకున్న వాదన ఎత్తుకున్నాను. ధర్మం దేశకాలాలను బట్టి మారుతుందనీ, ఆపద్ధర్మమనీ...

"ఆవు ఏ రకమండి?" అన్నారాయన మధ్యలో.

"జెర్సీ."

"పూటకెన్ని ఇస్తుంది?"

సూరిబాబు చెప్పాడు. శాస్త్రులుగారు విసనకర్ర ఆపేశారు.

"అంత ఇచ్చేదాన్ని పెట్టుకుని ఇక్కడ కబుర్లేంటండీ? సూతకం ఎవరికి? జ్ఞాతులకి. ఆవు మీకు జ్ఞాతా?"

"కాదండి."

"దాని గోత్రమేంటి?"

"తెలియదండి" అన్నాడు సూరిబాబు వినయంగా.

"గోత్రం లేనివాళ్ళకి సూతకం లేదు. మనుషులుండే ఇల్లు మాత్రం ముట్టుకోకండి. పశువులుండే చోటుకి సున్నం వేసుకోవచ్చు. వీరమ్మగారికి నేను చెప్పానని చెప్పండి."

నేను వాదించడానికి ఏమీ మిగల్లేదు. గెలిచినా ఓడినట్టుంది. తాంబూలంలో పదకొండు రూపాయలు పెట్టించాడు మా బావ, అదీ నా జేబులోంచే. "మీ చేత్తో ఇవ్వండి బావగారూ, అప్పుడే మాట నిలబడుతుంది" అని గంభీరంగా అన్నాడు. దక్షిణ ఇవ్వడం నాకు అదే మొదలు. అప్పుడు నా మొహం ఎలా ఉందో ఇంటికెళ్ళి సుశీలకు చెప్పాలని అతని ఆరాటం.

లేస్తుంటే శాస్త్రులుగారు గొంతు తగ్గించారు. "ఒక్కమాటండి. మా పెరట్లోనూ రెండున్నాయి. చెవుల్లో పిడుదులు. వేపమండలు కట్టాను, పోవట్లేదు. ఆ డాక్టరుగారు ఇటొస్తారా?"

వస్తాడని, ఇంట్లో జంతికలు మాత్రం సిద్ధంగా ఉంచమని చెప్పాను.

నరసాపురం

తీర్పు విన్న పిన్ని కళ్ళు తుడుచుకుని, మరుక్షణం షరతు పెట్టింది. "వేస్తే గుల్ల సున్నమే వెయ్యండి. మా అక్క రాతి సున్నం వేయనిచ్చేది కాదు." గుల్ల సున్నమంటే సముద్రపు గవ్వలూ ఆల్చిప్పలూ కాల్చి చేసేది. దాని కోసం నరసాపురం ప్రయాణం. ఆవు గోడకోసం సముద్రందాకా వెళ్ళడం నాకు చాలా బాగుంది.

మర్నాడు డాక్టరు రెండో సూది వేస్తుండగా బయలుదేరాం. నరసాపురంలో ప్రతి రెండో అరుగు మీద ఆడవాళ్ళు కూర్చుని లేసు అల్లుతున్నారు. చేతిలో సన్నటి కొక్కెం, ఒళ్ళో దారపు ఉండ, నోట్లో ఊరి కబుర్లు. మూడూ ఒకే వేగంతో నడుస్తున్నాయి. ఒకావిడ చేతి వంక చూస్తూ నిలబడితే, "ఏం బాబూ, నేర్చుకుంటారా? మగాళ్ళకి ఓపిక ఉండదులెండి" అంది. దేనికి వాడతారిది అనడిగితే, "దొరల బల్లల మీదకంట. మా ఇంట్లో బల్లే లేదు" అని నవ్వింది. మా వైపు పత్తి ఏరే చేతులు గుర్తొచ్చాయి. అక్కడా అంతే, ఏరినవాళ్ళ ఒంటిమీద ఆ పత్తి కనిపించదు.

రేవులో ఎండుచేపల వాసన, అవతలి ఒడ్డుకు వెళ్ళే పంటు మీద సైకిళ్ళు, మేకలు, ఒక పెళ్ళివారి బీరువా. మధ్యాహ్నం హోటల్లో చేపల పులుసు. మా వైపు పులుసు నాలుకను కొట్టి పంపిస్తుంది. ఇది కూర్చోబెట్టి మాట్లాడింది. సూరిబాబుకు సూతకం గుర్తొచ్చి పప్పుతో సరిపెట్టుకుంటాడనుకున్నాను. "పొరుగూళ్ళో సూతకం లేదండి" అని రెండోసారి పులుసు పోయించుకున్నాడు. వీళ్ళకు నేను తర్కం నేర్పాలని వచ్చాను!

పొగలు కక్కిన బస్సు

గుల్ల సున్నం రెండు గోనెసంచుల్లో, ఇంకా నీళ్ళు పోయనిది, బస్సు టాపు మీద వేశాం. కండక్టరు "లోపల ఏంటండీ?" అంటే సూరిబాబు "ఏం లేదండి, గవ్వలు" అన్నాడు.

పాలకొల్లు దాటాక వాన పట్టుకుంది. కాసేపటికి ఎదురొచ్చిన ఎడ్లబండివాడు మమ్మల్ని చూసి బండి ఆపి చేతులూపాడు. తరవాత సైకిలువాడు. తరవాత నాట్లు వేసే కూలీలందరూ నడుము ఎత్తి ఒక్కసారిగా కేకలు వేశారు. కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తే బస్సు నెత్తిమీద తెల్లటి ఆవిరి బుసబుస లేస్తోంది.

"అయ్యబాబోయ్, బస్సు కాలిపోతోందండీ!"

డ్రైవరు ఆపేసరికి లోపల మనుషుల్లేరు. అందరూ వరిచేలో ఉన్నారు. కండక్టరు ఒక్కడే టికెట్ల సంచి గుండెకు హత్తుకుని నిలబడ్డాడు. పొడి సున్నం మీద నీళ్ళు పడితే ఉడుకుతుందని ఇంట్లో తాంబూలం వేసుకునే ప్రతివాడికీ తెలుసు. తెలిసి కూడా ఇద్దరం వానాకాలంలో దాన్ని టాపు మీద వేశాం. ఒకడు వాదసభల పండితుడు, ఇంకొకడు పుట్టుకతో ఆ జిల్లావాడు.

"గవ్వలన్నారు కదండీ?" అన్నాడు కండక్టరు.

"ఒకప్పుడు గవ్వలేనండి" అన్నాడు మా బావ.

వానలోనే పొలంలోంచి ఒక ముసలాయన వచ్చి ఆవిరి చూసి, ఎవరింటి కోసమని అడిగాడు. చెప్పాను, ఆవులూ పిడుదులూ గోడా అంతా. జనం తుడుచుకుంటూ చుట్టూ చేరారు. తమ గేదెలకూ ఆవులకూ ఉన్న పిడుదుల గురించి ఒక్కొక్కరు మొదలెట్టారు. నా జీవితంలో అంత శ్రద్ధగా విన్న సభ ఇంకొకటి లేదు. అది రోడ్డు మీద, వానలో, బస్సు పొగలు కక్కుతుండగా జరిగింది. పగుళ్ళలో గుడ్లుంటాయని చెప్పినప్పుడు ఒకావిడ "అదా సంగతి!" అని నుదురు కొట్టుకుంది. ఆ దెబ్బ నాకు చప్పట్లకంటే బాగా వినిపించింది.

గోడ

సగం ఉడికిన సున్నంతో ఇల్లు చేరాం. మిగతా సగాన్ని తొట్టిలో పోసి సుశీల ఉడికించింది. ఆవుల్ని తోటలోకి తోలి, డాక్టరు దగ్గరుండి గోడ మొదళ్ళు కాల్పించాడు. పగుళ్ళు మేం పూడ్చాం. మందు కొట్టాక, ఆరనిచ్చి, సున్నం వేశాం. చీపురు కుంచె నాకిచ్చారు. అరచేతులు మండిపోయాయి. పిన్ని ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, "ఆ మూల, ఆ మూల! వాదించినంత బాగా వేయడం లేదు అబ్బాయ్" అంటూ పని చేయించింది.

సున్నం ఆరాక ఆవుల్ని మళ్ళీ చావిట్లో కట్టేశాం. మర్నాడు పొద్దున సుశీల కేకతో లేచాను. పరిగెత్తి వెళ్ళేసరికి గౌరి తల ఎత్తి ఉంది. దవడలు ఆడుతున్నాయి. దాని ముందు నా పనస మొక్క తాలూకు మట్టిముద్ద, అందులోంచి వేలెడంత పుల్ల. సూరిబాబు జాగ్రత్తగా నీడలో పెడదామని మొక్కను చావిడి వారన పెట్టాడట. ఇన్నాళ్ళు పచ్చగడ్డి మొహం చూడని ఆవు, మూడేళ్ళకే కాయాల్సిన నా చెట్టును ఆకు మిగల్చకుండా నమిలేసింది. చివరి ఆకు నోట్లోంచి వేలాడుతూ మెల్లగా లోపలికి వెళ్ళిపోయింది.

"తింటోంది అన్నయ్యా!" అంది సుశీల. ఏడుస్తూ నవ్వుతోంది.

"చూశారా, శాస్త్రులుగారి వాక్కు" అంది పిన్ని.

"సూదండి, సూది" అన్నాడు అప్పుడే స్కూటరు దిగిన డాక్టరు.

"పనసాకు కూడా ఉందండి లెక్కలో" అన్నాడు మా బావ.

ముగ్గురూ నా వైపు తిరిగారు, తీర్పు చెప్పమన్నట్టు. సూదేనని గట్టిగా చెప్పాను, అది నిజం గనక. గోడ లేకపోతే సూది మళ్ళీ మళ్ళీ కావాల్సి వచ్చేదనీ చెప్పాను. శాస్త్రులుగారి గురించి మాత్రం ఏమీ అనలేదు. తొట్టిలో ఆ సున్నం ఆయన మాట మీదే ఉడికింది మరి.

పిన్ని తొట్టి దగ్గరికి వెళ్ళింది. అడుగున ఇంకా కొంత మిగిలి ఉంది. కర్రతో కలిపి చూసింది. తరవాత మాసిపోయిన వీధి గోడను, అక్క రోజూ కూర్చునే అరుగును చాలాసేపు చూసింది.

"ఒరే అబ్బాయ్, ఆ అరుగు మీద రోజూ మన కుక్క పడుకుంటుంది కదా?"

"పడుకుంటుంది పిన్నిగారూ."

"దానికీ గోత్రం లేదు కదా?"

కుంచె మళ్ళీ నా చేతిలో పెట్టింది.